ఎద్దు తల ఎక్కడుందో చూడండి

పొద్దున్నే బీచ్ రోడ్డులో మాతో నడిచే ఒకాయన మొన్న అడిగారు: "డాక్టర్‌గారూ, స్పెయిన్‌లో ఆ ఎద్దుల పోరు చూసొచ్చారట కదా, మన జల్లికట్టు లాంటిదేనా?" కాళీమాత గుడి దగ్గర అడిగిన ప్రశ్న అది. వుడా పార్కు దాకా నడిచినా నా జవాబు పూర్తి కాలేదు. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నేను పశువైద్యుణ్ణి. ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అందులో సగానికి పైగా సబ్బవరం, చోడవరం, మాడుగుల వైపు పల్లెల్లోనే గడిచింది. మా చిన్నమ్మాయి ఉద్యోగరీత్యా సెవిల్ అనే ఊళ్లో ఉంటోంది. ఏప్రిల్‌లో అక్కడ పెద్ద జాతర జరుగుతుంది, ఆ రోజుల్లోనే మేం వెళ్లాం. ఎద్దుల పోరు చూస్తానంటే అమ్మాయి ముఖం మారిపోయింది. "టికెట్ తీసిస్తాను నాన్నా, లోపలికి మాత్రం నేను రాను" అంది. మా ఆవిడ కూడా దానితోనే ఉండిపోయింది. నేనొక్కణ్ణే వెళ్లాను. ఎండలో కూర్చునే సీటుకి ఒక ధర, నీడలో సీటుకి ఇంకో ధర. నాది ఎండ సీటు. విశాఖ వాడికి ఏప్రిల్ ఎండ లెక్కలోది కాదు.

జల్లికట్టుకీ దీనికీ ఉన్న పెద్ద తేడా ముందే చెబుతాను. జల్లికట్టులో ఎద్దు వాడివాసల్ అనే ఇరుకు ద్వారంలోంచి బయటికి దూకుతుంది, కుర్రాడు మూపురం పట్టుకుని వేలాడతాడు, నిలిస్తే గెలుపు, జారితే ఓటమి. ఎద్దు ఇంటికి పోతుంది, వచ్చే ఏడు మళ్లీ వస్తుంది. మన చిత్తూరు జిల్లా పశువుల పండుగలోనూ కొమ్ములకు కట్టిన పలకలు లాక్కోవడమే పందెం. ఒకే ఎద్దు ఏళ్ల తరబడి మనుషుల్ని చూసి చూసి రాటుదేలుతుంది. స్పెయిన్‌లో బరిలోకి వచ్చే ఎద్దు మాత్రం కాలినడకన గుడ్డ పట్టుకున్న మనిషిని అదివరకెప్పుడూ చూసి ఉండకూడదు. అదే ఆ ఆటకి మూలసూత్రం. పెంపకం క్షేత్రాల్లో వాటి మధ్య మనుషులు గుర్రాల మీదే తిరుగుతారు. ధైర్యం చూడాలంటే గుడ్డతో పరీక్షించేది పెయ్యల్ని. ఎద్దు ధైర్యం తల్లి నుంచి వస్తుందని అక్కడి పెంపకందార్ల నమ్మకం, దాని పేరు కూడా తల్లి పేరు మీదే పెడతారు. కోడెదూడకి గుడ్డ చూపించరు.

ఎందుకంటే ఎద్దు నేర్చుకుంటుంది. ఇది పుస్తకం చదివి చెప్పే మాట కాదు. కొత్త కోడెని ట్రెవిస్‌లోకి, అంటే వైద్యం చేసేటప్పుడు పశువు కదలకుండా నిలబెట్టే చట్రంలోకి, మొదటిసారి ఎక్కించడం తేలిక, రెండోసారి ఎక్కించడమే కష్టం. సిరంజి పట్టుకున్న నన్ను నెల తర్వాత చూసినా గుర్తుపట్టి ముక్కుతాడు తెంపుకునేంత పని చేసిన గిత్తలున్నాయి. బరిలో ఒక్కో ఎద్దుకీ ఇరవై నిమిషాలు, అటూ ఇటూగా. ఆ కాసేపట్లోనే అది కదులుతున్నది గుడ్డ అనీ, తన శత్రువు దాని పక్కన నిలబడ్డ మనిషనీ తెలుసుకుంటూ ఉంటుంది. అది పూర్తిగా తెలుసుకునేలోపు పని ముగించాలి. కొరీదాలోని, అంటే ఆ ఎద్దుల పోరులోని, మూడు అంకాలూ ఈ పరుగుకోసం ఏర్పడ్డవే అని నాకు అక్కడ కూర్చున్నాక అర్థమైంది.

సెవిల్ మైదానం పేరు మయెస్త్రాన్సా. పద్దెనిమిదో శతాబ్దంలో కట్టడం మొదలుపెట్టింది. బరిలో ఇసుక పసుపు రంగు, మన పసుపుకొమ్ము ఎండబెట్టి దంచినట్టుంటుంది. ముందు ఊరేగింపు. పాతకాలం నల్ల దుస్తుల్లో ఇద్దరు గుర్రాల మీద, వెనక ఎద్దుతో పోరాడి చివరికి దాన్ని చంపే ముగ్గురు మటడోర్లు ఒకే వరసలో, వాళ్ల వెనక వాళ్ల బృందాలు, చివర చచ్చిన ఎద్దుని లాక్కెళ్లే కంచరగాడిదలు. ముగ్గురు మటడోర్లు, ఆరు ఎద్దులు, మనిషికి రెండు. ఆ బరిలో మొదటిసారి ఆడేవాడు టోపీ తీసి చేత్తో పట్టుకుని నడుస్తాడు. పైన ఆ పోరుని నడిపించే అధ్యక్షుడు కూర్చుంటాడు. ఆయన ఆజ్ఞలన్నీ చేతిరుమాళ్లతోనే. తెల్లది ఊపితే అంకం మారుతుంది. ఆకుపచ్చది ఊపితే ఎద్దు పనికిరాదు, వెనక్కి పంపేయమని. నారింజ రంగు ఊపితే దానికి ప్రాణభిక్ష. నారింజ రుమాలు చాలా అరుదు, ఆ రోజు నేను చూడలేదు.

పక్కన కూర్చున్న పెద్దాయనకి డెబ్బై ఐదు దాటి ఉంటాయి. ఆయనకి వచ్చిన కాస్త ఇంగ్లిష్, నాకొచ్చిన పది స్పానిష్ మాటలు, మిగతాది చేతులు. నేను పశువుల డాక్టర్నని తెలిశాక ఆయన మనిషే మారిపోయారు. అక్కడ ప్రతి పోరుకీ పశువైద్యులు ఉంటారట. ముందుగా ఎద్దు వయసు, ఒళ్లు, కొమ్ములు చూసి ఒప్పుకోవాలి. వయసు నాలుగేళ్లు నిండి ఆరులోపు, పెద్ద మైదానాల్లో బరువు 460 కిలోలకి తగ్గకూడదు. భుజం మీద పుట్టిన సంవత్సరం ఆఖరి అంకె వాత వేసి ఉంటుంది. కొమ్ముల చివర్లు రహస్యంగా అరగదీశారేమో అని చచ్చాక కూడా పరీక్షించే అధికారం పశువైద్యులకుంది. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి, "మనిషిని చూడకండి, ఎద్దు తల ఎక్కడుందో చూడండి" అన్నారు. ఆ తర్వాత రెండు గంటలూ నేను అదే చూశాను.

నాలుగో ఎద్దు గురించి చెబుతాను.

నల్లది. బోర్డు మీద ఐదొందల నలభై చిల్లర కిలోలని రాశారు. తలుపు తీయగానే వీపు మీద యజమాని రంగుల రిబ్బనుతో బయటికొచ్చి బరి మధ్యలో ఆగింది. మన ఒంగోలు గిత్తకి మూపురం భుజాల మీద నిలబడి ఉంటుంది. దీనికి మూపురం లేదు. మెడ మీద, తల వెనక నుంచి భుజం దాకా ఒక కండర ముద్ద ఉంది, దాన్ని మొర్రీయో అంటారు. కోపం వస్తే అది పొంగుతుంది. ఆ దూరం నుంచి కూడా పొంగడం కనిపించింది నాకు. తల ఆకాశంలో ఉంది. ఆ ఎత్తులో తల ఉన్న ఎద్దు మీదికి ఎదురుగా కత్తితో వెళ్లడం ఎవరివల్లా కాదు, కొమ్ములు సరిగ్గా మనిషి గుండె ఎత్తులో ఉంటాయి.

మొదటి అంకంలో ముందు కపోతె, అంటే పెద్ద అంగీ లాంటి గుడ్డ. ఒకవైపు ముదురు గులాబి, రెండోవైపు పసుపు. ఎరుపు చూస్తే ఎద్దు రెచ్చిపోతుందని మనందరం అనుకుంటాం. పశువుల కంట్లో రంగు పట్టే కణాలు రెండు రకాలే. మనకున్న ఎరుపు వాటికి లేదు. కదిలేదాని మీదికే అది వెళుతుంది. మటడోర్ ముందు తన సహాయకుల చేత గుడ్డ ఊపించి, అది ఏ కొమ్ముతో ముందు పొడుస్తుందో, తిరిగేటప్పుడు ఎటు తూలుతుందో చూశాడు. మన రైతు కోడెని కొనేముందు రెండు రౌండ్లు నడిపించి చూసినట్టే. తర్వాత తనే దిగి, గుడ్డని రెండు చేతులా పట్టుకుని ఎద్దు ముఖం ముందు నుంచి మెల్లగా జారనిచ్చాడు. దాన్ని వెరోనికా అంటారు. ఏసుక్రీస్తు ముఖం తుడవడానికి వస్త్రం పట్టుకున్న వెరోనికా పేరే అది. జనం "ఓలే" అన్నారు. పెద్దగా అరవలేదు, గొంతులోనే అన్నారు.

అప్పుడు గుర్రాలు వచ్చాయి.

పికడోర్ అంటే బల్లెం పట్టిన రౌతు. గుర్రానికి ఒళ్లంతా మందపాటి పరుపులాంటి కవచం, కుడి కంటికి గంత. ఆ కవచం 1928లో వచ్చింది. అంతకుముందు ఎద్దుల కంటే గుర్రాలే ఎక్కువ చచ్చేవట, పేగులు బయటపడి. ఎద్దు దూరం నుంచే తల వంచి వెళ్లి గుర్రాన్ని ఢీకొట్టింది. గుర్రం ముందుకాళ్లు గాల్లోకి లేచాయి. రౌతు బల్లెం మొర్రీయోలో దిగింది. ఎద్దు నొప్పికి వెనక్కి పోవాలి కదా. ఇది పోలేదు, ఇంకా తోసింది. పక్కనాయన ఊపిరి బిగబట్టి చూస్తున్నారు, వాళ్ల దృష్టిలో ధైర్యం అంటే అదే, నొప్పి తగిలాక కూడా ముందుకే తోయడం. నేను మాత్రం కండరాన్ని చూస్తున్నాను. మెడని పైకి లేపి ఉంచే కండరాలు అవి. అక్కడ తెగితే తల ఎత్తడానికి బలం చాలదు. రెండోసారి కూడా బల్లెం పడ్డాక నెత్తురు భుజం మీంచి ముందుకాలి గిట్టదాకా కారి, పసుపు ఇసుక మీద నల్లగా చుక్కలు పడ్డాయి. తల ఒక జానెడు దిగింది.

సర్వీసులో కాడి రాసుకుని మెడ పుండు పడ్డ ఎడ్లకి ఎన్ని వందల కట్లు కట్టానో. పుండున్న ఎద్దుకి కాడి వేయొద్దని రైతుతో పోట్లాడేవాణ్ణి. సరిగ్గా ఆ చోటే, తెలిసి తెలిసి, కొలతపెట్టి పొడుస్తుంటే నా చేతివేళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. లేచి వచ్చేద్దామనుకున్నాను. రాలేదు. ఎందుకు రాలేదో నిజాయితీగా చెప్పాలంటే, ఆ ఎద్దు తర్వాత ఏం చేస్తుందో చూడాలనిపించింది.

రెండో అంకం త్వరగా అయిపోతుంది. రంగు కాగితాలు చుట్టిన ముళ్లకర్రలు, ఇంచుమించు 70 సెంటీమీటర్లు, మూడు జతలు. మనిషి చేతిలో గుడ్డ ఉండదు. వంకరగా పరిగెత్తుకొచ్చి, ఎద్దు మలుపు తిరిగేలోపు కొమ్ముల మీంచి వంగి రెండూ గుచ్చి తప్పుకుంటాడు. ఎద్దుకి మళ్లీ ఊపు తెప్పించడానికని చెబుతారు. మనిషి వైపు నుంచి చూస్తే అది లెక్కంతా అడుగుల్లో ఉన్న పని, భలే అందంగా ఉంటుంది. నాకు అందులో అంతకంటే చెప్పడానికేం లేదు.

మూడో అంకంలో మనిషి, ఎద్దు, ఇద్దరే. మటడోర్ టోపీ తీసి జనానికి ఆ ఎద్దుని అంకితమిచ్చి భుజం మీంచి వెనక్కి విసిరాడు. టోపీ వెల్లకిలా పడితే అపశకునం. బోర్లా పడింది. చేతిలో ములేతా, కర్రకి తొడిగిన చిన్న ఎర్ర గుడ్డ. ఇక గడియారం మొదలు. పది నిమిషాలకి ఒక హెచ్చరిక బూర, ఇంకో మూడు నిమిషాలకి రెండోది, మరో రెండింటికి మూడోది. మూడోది మోగితే ఎద్దుని బతికుండగానే బయటికి తోలుకుపోతారు, అంతకంటే పరువు తక్కువ పని వాళ్లకి లేదు. తోలుకుపోయిన ఎద్దు కూడా బతకదు, లోపల చంపుతారు.

మొదటి రెండు నిమిషాలు ఎద్దు మనిషి వైపు చూసింది. కన్ను తెల్లగుడ్డు కనిపించేలా. నాకు గుండె ఆగినంత పనైంది, ఎందుకంటే అది నేర్చుకుంటోంది. అతను కదల్లేదు. గుడ్డని దాని ముక్కుకి ఒక అడుగు ముందు పెట్టి, అది వస్తున్న కొద్దీ అంతే దూరం ఉంచుతూ వెనక్కి లాగాడు. ఆ వేగం కుదర్చడానికి వాళ్లకో మాట ఉంది, తెంప్లార్. ఎద్దు వేగానికి గుడ్డని శ్రుతి చేయడం. గుడ్డ త్వరగా పోతే ఎద్దు మనిషిని కనిపెడుతుంది, ఆలస్యమైతే కొమ్ము గుడ్డలో చిక్కుతుంది. నాలుగైదుసార్లయ్యాక విచిత్రం జరిగింది. ఎద్దే నెమ్మదించింది. ఐదొందల కిలోల కోపం మంచినీళ్ల కుండ మోసుకెళ్లే మనిషిలా నడిచింది, మూతి ఇసుకకి రాసుకుంటూ. బ్యాండు మొదలైంది. సెవిల్‌లో ఆట బాగుంటేనే వాయిస్తారు. ఎడమ చేత్తో, కత్తి అడ్డం లేకుండా, గుడ్డని సహజంగా వేలాడేసి తిప్పేదాన్ని నతురాల్ అంటారు. అది మూడుసార్లు చేసి, చివర కొమ్ముల్ని తన ఛాతీ పక్క నుంచి పోనిచ్చాడు. పక్కనాయన కళ్లల్లో నీళ్లు. నావీ పొడిగా లేవు. ఆ క్షణంలో నేను చూసింది కళ కాదని ఎవరైనా అంటే ఒప్పుకోను.

ఆ మనిషి పెట్టిన పందెం కూడా చిన్నది కాదు. కొమ్ము దెబ్బ సంగతి నాకు తెలుసు. తొంభైల్లో సబ్బవరం దగ్గర ఒక రైతుని సొంత ఎద్దే తొడలో పొడిచింది. పైన గాయం రూపాయి బిళ్లంత. టవల్ బిగించి కట్టి మా జీపులోనే పంపాను. మొదట తీసుకెళ్లిన చోట పైన నాలుగు కుట్లు వేసి పంపేశారు. మూడో రోజుకి జ్వరం, తొడంతా వాపు. ఇంకో చోట తెరిచి చూస్తే లోపల దారి రెండుగా చీలి ఒకటి తుంటి వైపు జానెడు పైకి పోయింది. ఎద్దు పొడిచాక తల విసురుతుంది, మనిషి కొమ్ము మీద తిరుగుతాడు, అందుకే లోపల ఎన్ని దారులో బయటికి తెలీదు. స్పెయిన్‌లో బరి పక్కనే ఆపరేషన్ గది, సర్జన్లు సిద్ధంగా ఉంటారు. వాళ్ల వైద్య నివేదికల్లో గాయానికి ఎన్ని దారులో లెక్కపెట్టి రాస్తారు. మాడ్రిడ్‌లో పెద్ద మైదానం ముందు పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ విగ్రహం ఉంది, ఎదురుగా మటడోర్ బొమ్మ ఆయనకి టోపీ ఎత్తి నిలబడింది. అది తెలిశాక నాకు చాలా సంతోషమేసింది. చీము మనిషిని ఎలా తింటుందో చూసినవాళ్లకి ఆ విగ్రహం విలువ తెలుస్తుంది. అయినా ఎద్దు పొడిచి 1947లో లినారెస్‌లో మనొలేతె అనే మటడోర్ చనిపోయాడు, 2016లో తెరువెల్‌లో విక్టర్ బార్రియో అనే మటడోర్.

మళ్లీ నాలుగో ఎద్దు. ఏడెనిమిది నిమిషాలకి దాని నోరు తెరుచుకుంది. అంతవరకూ మూసే ఉంది. నోరు తెరవని ఎద్దంటే అక్కడ గొప్ప గౌరవం. నాలుక బయటికి వచ్చి, డొక్కలు కొట్టుకుంటున్నాయి. నా చెయ్యి జేబులో స్టెతస్కోపు కోసం వెతికింది. మటడోర్ వెళ్లి తేలికపాటి కత్తి ఇచ్చేసి ఉక్కు కత్తి తీసుకొచ్చాడు. అప్పుడు ఎద్దు బరి మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లి, తను వచ్చిన తలుపు దగ్గర, కొయ్యగోడకి ఒళ్లు ఆనించి నిలబడింది. ప్రతి ఎద్దూ బరిలో ఒక చోటుని తనదనుకుంటుందట. కెరెన్సియా అంటారు. ఎక్కువగా అది తను వచ్చిన తలుపే. అక్కడున్న ఎద్దు మహా ప్రమాదం, అది ముందుకు రాదు, తన చోటు వదలదు. మటడోర్ ఓపిగ్గా, ఒక్కో అడుగూ, గుడ్డ చివర చూపించి దాన్ని అక్కణ్ణుంచి బయటికి తెచ్చాడు. ముందుకాళ్లు రెండూ జత కలిపి నిలబడేలా చేశాడు. కాళ్లు జత కలిస్తే భుజం ఎముకల మధ్య సందు తెరుచుకుంటుంది. ఎడమ చేత్తో గుడ్డని కిందికి, తనకి అడ్డంగా లాగుతూ, కుడిచేతి కత్తితో కొమ్ముల మీంచి వంగి వెళ్లాడు. మనిషి కళ్లకి కొమ్ములు కనబడని క్షణం అదొక్కటే. కత్తి పిడిదాకా దిగింది. సరైన చోట దిగితే గుండె దగ్గరి పెద్ద రక్తనాళాలు తెగుతాయి. ఊపిరితిత్తిలోకి పోతే నోట్లోంచి నెత్తురు కక్కుతుంది, దాన్ని జనం ఛీకొడతారు. ఇది సరిగ్గానే దిగింది.

ఎద్దు పడలేదు. వెనక్కి తిరిగి, తూలుతూ, మళ్లీ ఆ తలుపు వైపే నడిచింది. మైదానంలో పన్నెండు వేలమంది, ఒక్కరూ మాట్లాడలేదు. తలుపు ముందు ముందుకాళ్లు మడిచి, మన ఎడ్లు నెమరు వేయడానికి కూర్చున్నట్టే కూర్చుంది. ఒకతను చిన్న బాకుతో మెడ వెనక, పుర్రెకీ మొదటి వెన్నుపూసకీ మధ్య పొడిచాడు. ఆ సందు నాకు తెలుసు.

జనం తెల్ల రుమాళ్లు ఊపారు, అధ్యక్షుడు మటడోర్‌కి బహుమతిగా ఆ ఎద్దు చెవి ఒకటి ఇప్పించాడు. రాత్రి అమ్మాయి ఏమీ అడక్కుండా పెరుగన్నం పెట్టింది. నేను మళ్లీ టికెట్ కొనను. కొలంబియా 2024లో దీన్ని ఆపడానికి చట్టం చేసిందని విన్నప్పుడు మంచిదే అనుకున్నాను. జల్లికట్టు 2014లో ఆగి, 2017 చట్టంతో తిరిగొచ్చి, 2023లో సుప్రీంకోర్టు ఆమోదం కూడా పొందింది కాబట్టి అదీ ఇదీ ఒకే గాటన కట్టొద్దని మాత్రం నా మనవి.

పోయిన సంక్రాంతికి సబ్బవరం వెళ్లాను, ఆ రైతు ఇంటికే. ఇప్పటికీ కొంచెం కుంటుతాడు. రెండు ఎడ్లున్నాయి. సాల ముందు నులకమంచం వేసి కూర్చోబెట్టి, ఈ కథంతా విన్నాడు. బల్లెం దగ్గర తల అడ్డంగా ఊపాడు. కత్తి దగ్గర ఏమీ అనలేదు.

"ఆకర్న ఏటి సేసింది బాబూ అది?"

"వచ్చిన తలుపు దగ్గరికే పోయి కూర్చుంది."

"అలగే ఎల్తాది. అవతల ఇల్లుందనుకుంటాది" అని లేచి, తొట్లో కుడితి కలపడానికి వెళ్లాడు.